‘లో’ లోపించిన సత్రం

గుర్రపు టపా బండ్ల కాలంలో కట్టిన రేగులపాడు సత్రం ప్రతి నాలుగో రోజు పొద్దున్నే లేచి పక్క ఊరికి వెళ్లిపోతుంది. ఇందులో వింతేమీ లేదు. ప్రయాణికులు తిష్ట వేయకుండా, గుమ్మం పైన ‘ఈ సత్రంలో మూడు దినములకు మించి ఉండరాదు’ అని చెక్కమన్నారు ధర్మకర్తలు. చెక్కినవాడు ‘లో’ మరిచిపోయాడు. ‘ఈ సత్రం మూడు దినములకు మించి ఉండరాదు’ అన్నదే శాసనమైంది. చదివినవాళ్లెవరూ పట్టించుకోలేదు. సత్రం పట్టించుకుంది.

బండ్లవాళ్లు మొదట్లో విసుక్కున్నారు. గుర్రాలు మార్చుకుందామని వస్తే ఖాళీ నేల, ఉలవల తొట్టి కనిపించేవి. తర్వాత అలవాటుపడి, సత్రం ఇవాళ ఏ ఊళ్లో ఉందని దారిలో అడిగి వెళ్లేవారు. కొందరు బద్ధకస్తులు అరుగు మీదే కూర్చుని, బండి ఎక్కకుండా ఊరు చేరారు. రైలొచ్చాక గుర్రాలు పోయాయి. సత్రం మాత్రం నియమం తప్పలేదు.

దాని చరిత్ర రాయమని పురావస్తు శాఖవారు ఈమధ్య నిరంజనం అనే ఇన్‌స్పెక్టరును పంపారు. ఫారంలో మొదటి గడి సర్వే నంబరు. అది నింపనిదే చరిత్ర మొదలవదు. పోయిన ‘లో’ చెక్కి సత్రాన్ని ఒకచోట నిలబెట్టడానికి ఆయన ఉలి, సుత్తి తెప్పించాడు.

నలభై ఏళ్లుగా అందులోనే ఉంటూ, ఊడ్చి దీపం పెడుతున్న చెంచమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

“ఆ అచ్చరం చెక్కితే సత్రం కదలదు. మరి నేను సార్?”

“రూలు మనుషులకు వర్తిస్తుందమ్మా. మూడు రోజుల్లో ఖాళీ చెయ్యాలి.”

“నాకింకో ఇల్లు లేదు సార్. ఇది యాడికి పోతే ఆడికి పోతా ఉండా. సుకంగానే ఉండా.”

నిరంజనానికి జాలేసింది. మజ్జిగ చల్లగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఊళ్లు మారుతున్న తనను ఎవరూ సర్వే నంబరు అడగలేదని ఆయనకు గుర్తొచ్చింది. ఉలి పక్కన పెట్టి, సత్రాన్ని కట్టడాల జాబితాలోంచి తీసేసి, బదిలీ అయ్యే సిబ్బంది జాబితాలో చేర్చాడు. చెంచమ్మను దాని కుటుంబ సభ్యురాలిగా రాశాడు. శాఖవారు మారు మాట లేకుండా ఆమోదించారు. ఆమోదం వచ్చిన కవరులోనే ఆయన బదిలీ ఉత్తర్వు కూడా పంపారు.

నాలుగో రోజు సత్రం లేచింది. దారి ఒకటే కావడంతో నిరంజనం కూడా పెట్టె పట్టుకుని అరుగెక్కాడు. చెంచమ్మ జరిగి చోటిచ్చి, ఆకూవక్కా అందించింది.

“మిమ్మల్ని పొమ్మన్నదెవురు సార్?”

“ఉత్తర్వు.”

“దాంట్లో ఏ అచ్చరం పోయిందో చూసుకున్నారా?”

ఆయన కాగితం విప్పబోయి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. సత్రం అప్పటికే ఊరు దాటింది.