జిల్లేడు పెళ్ళికి మేళం

"ఆ డోలు బరువుకి కాలవలో పడితే తేలతావంట్రా?" అంది అచ్చాయమ్మ, కొడుకింకా గుమ్మం దాటకముందే.

"పడితే కదమ్మా!" అన్నాడు లోవరాజు, చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటూ.

"మీ నాన్నా అదే అన్నాడు."

ఆమె మొగుడు భీమరాజు పన్నెండేళ్ళ కిందట వలకని వశిష్ఠ గోదావరిలోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. మిగిలింది వీడొక్కడు. వల పట్టవలసిన చేతితో డోలు పట్టాడు.

ఆ రోజు పాలకొల్లులో మేళాల ఉత్సవం. చుట్టుపక్కల ఊళ్ళ మేళాలన్నీ ఒకే పందిట్లో వాయిస్తాయి. ఎవరైనా వచ్చి ఊరికే వినిపోవచ్చు. ఆ 'ఊరికే' అన్నదే అచ్చాయమ్మకు నచ్చలేదు. మనిషికి ఊరికే వచ్చేది చలిజ్వరం ఒక్కటేనని ఆమె నమ్మకం. అయినా కొడుకు వాయిస్తుంటే వినకుండా ఉండలేదు. వాడు పొద్దున్నే దోనెలో వెళ్ళేటట్టు, తను వంట ముగించి పక్కింటి పెద్దింట్లమ్మతో గట్టు వెంట నడిచి వెళ్ళేటట్టు అనుకున్నారు.

దోనె వెళ్ళేది కాలవలో. ఆనకట్ట కట్టాక దొరలు తవ్వించిన కాలవ అది. గోదావరి అంటే ఆమెకు కోపమే గాని, పరిచయం ఉంది. ఈ కాలవకు పెద్దా చిన్నా మర్యాద తెలియదు. అందుకని మూడు ఎండు సొరబుర్రలు తాడుకు గుచ్చి, "నడుముకి కట్టుకో" అంది.

"పందిట్లో అందరూ నవ్వుతారే!"

"బతికుంటే నవ్వనీ."

తల్లి ముఖం చూసి లోవరాజు బుర్రలు తీసుకున్నాడు. మలుపు తిరగ్గానే వాటిని డోలుకు కట్టేశాడు.

అచ్చాయమ్మ, పెద్దింట్లమ్మ గట్టు మీద సగం దూరం పోయేసరికి ఎగువనుంచి ఏదో తేలుతూ వచ్చింది. ముందు సొరబుర్రలు, వెనక డోలు. ఆ వెనక ఎవరూ లేరు.

అచ్చాయమ్మ అరవలేదు. గట్టు మీద కూలబడింది. ఇద్దరి తరఫునా పెద్దింట్లమ్మే అరిచింది.

ఆ అరుపు వాళ్ళకంటే ముందే వాళ్ళుండే రేవుపేట చేరింది. పదిమంది మగవాళ్ళు కాలవలోకి దూకి, నడుంలోతు నీళ్ళలో లేచి నిలబడ్డారు. దోనె లేదు, మనిషి లేడు. కులపెద్ద పల్లంరాజు మీసం తడుముకున్నాడు.

"ఇంత తక్కువ నీళ్ళలో దొరకలేదంటే చాలా దూరం కొట్టుకుపోయి ఉంటాడు."

"ఓసారి పాలకొల్లు వెళ్ళి చూస్తే అన్నయ్యా..." అంది అచ్చాయమ్మ. పొద్దుటినుంచి ఆమె నోట వచ్చిన ఆశ అదొక్కటే.

"ఎప్పుడు చూస్తావు చెల్లెమ్మా? పొద్దు వాలితే ధనిష్ఠా నక్షత్రం వచ్చేస్తది. ధనిష్ఠలో పోయాడని తేలితే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి. నువ్వెక్కడుంటావు? అదేదో ఇప్పుడే తేల్చేసుకుంటే ఇల్లయినా మిగులుద్ది."

ఆ లెక్క ప్రకారమే పని మొదలైంది. శవం దొరకలేదు కనుక దర్భలతో బొమ్మ చేసి, లోవరాజు పంచె చుట్టారు. పెళ్ళికాని వాణ్ణి అలా పంపకూడదు కనుక జిల్లేడు కొమ్మ తెచ్చి, అచ్చాయమ్మ పసుపు చీర దానికి కట్టి, పక్కన నిలబెట్టారు. పెళ్ళన్నాక మేళం కావాలి. ఎగువకు పోతున్న ఉప్పు పడవ సరంగును ఆపి, "మా రేవుపేటలో పెళ్ళికాని కుర్రాడు పోయాడు, జిల్లేడు పెళ్ళికి ఏదో ఒక మేళాన్ని పంపించండి" అని కబురు పెట్టారు. కంగారులో పేరు చెప్పడం ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం దాటినా మేళం రాలేదు. పల్లంరాజు ఆకాశం చూసి, "ఇక ఆగకూడదు" అని బొమ్మ చేతిని తాకించి కొమ్మకు పసుపుతాడు కట్టించేశాడు.

"అక్షింతలు వెయ్యి వదినా, నీ కోడలు" అంది పెద్దింట్లమ్మ, ముక్కు చీదుతూ.

అచ్చాయమ్మ వేసింది. వేసి, బొమ్మ తలను కొమ్మకు కాస్త ఎడంగా జరిపింది.

"ఏంటి వదినా?"

"జిల్లేడు పాలు కంట్లో పడతాయేమోనని."

అప్పుడు పేట మొదట సన్నాయి వినిపించింది. దానితోపాటు డోలు, సన్నాయి కంటే ఒక్క అర దెబ్బ ముందు పరిగెడుతూ. అచ్చాయమ్మ తల ఎత్తింది.

"నా లోవడి చెయ్యి అది."

"పోయినవాళ్ళు కొన్నాళ్ళు అలాగే వినపడతారు. మా ఆయన గురక నాకు ఏడాది వినపడింది."

అసలు జరిగింది ఇంతే. పాలకొల్లు రేవులో దిగుతూ లోవరాజు డోలు జారవిడిచాడు. బుర్రలుండబట్టి అది చేతికందకుండా వడిలో సాగిపోయింది. వాయించే వంతు వచ్చేసిందని సన్నాయి వీరబ్రహ్మం ఇంకో డోలు అడిగి ఇప్పించాడు. తరవాత సరంగు కబురు వాళ్ళకే చేరింది. "మా పేటలో ఎవరండీ పోయింది?" అని లోవరాజు దారంతా కంగారుపడుతూనే ఉన్నాడు. "చావింట్లో మేళం నోరు మూసుకుని పోకూడదు. ముందు వాయించు, తరవాత ఏడుద్దువుగాని" అన్నాడు వీరబ్రహ్మం.

మేళం మలుపు తిరిగింది. ఆడవాళ్ళు శోకాలు సగంలో మింగేశారు. ఇద్దరు మగవాళ్ళు గోడ దూకారు. పెద్దింట్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

లోవరాజుకు పాడె కనిపించింది, పసుపు చీర కనిపించింది, తన పంచెను మాత్రం గుర్తుపట్టలేదు. ఈ పేటలో తను కాక పెళ్ళికానివాళ్ళు నలుగురే. నలుగురూ తనకు చిన్నప్పటి స్నేహితులు. డోలు ఆపేశాడు.

"ఎవరే అమ్మా పోయింది?"

వాడు పల్లంరాజు వైపు తిరిగాడు.

"మిమ్మల్నేనండీ, పెద్దాయనా, ఎవరండీ?"

పల్లంరాజు ఆకాశంలో ధనిష్ఠను వెతుక్కుంటున్నాడు. సన్నాయి కూడా ఆగింది. అచ్చాయమ్మ లేచి వచ్చింది. వాడి తల తడిమింది, భుజాలు తడిమింది, పొడిగా ఉన్న పంచె అంచు పట్టుకుని పిండి చూసింది.

"నువ్వే నాన్నా," అంది చివరికి. "కాళ్ళు కడుక్కురా, నీ పెళ్ళాం ఎండకి వాడిపోతోంది."