ఒక్క నిమిషంలో మానిన పుండు

"ఇకపై మన రాజ్యంలో మానని పుండంటూ ఉండదు" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. పుళ్లకు పత్రికలు చదివే అలవాటు లేదు కాబట్టి అవి యథాప్రకారం ఉన్నాయి.

మంత్రిగారి ధీమాకు ఆధారం ఓ జెల్ పట్టీ. పుండు మీద వేస్తే లోపలున్న మందును రోజుల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. "కొంచెం కొంచెంగా వదలడంలో మా శాఖకున్న అనుభవం మరెవరికీ లేదు" అన్నారాయన వినయంగా.

ఆరువందల పట్టీలు ఆసుపత్రి స్టోరుకు చేరాయి. ప్రారంభోత్సవం అయ్యేదాకా తాళం తియ్యకూడదన్నారు. సభలో చూపించడానికి ఒక్కటి మాత్రం ముందే పెద్ద నర్సుకిస్తే, ఆవిడ దాన్ని వార్డులోని ఓ బస్సు డ్రైవరు కాలి పుండుకు వేసింది. మంత్రిగారు సభను రెండుసార్లు వాయిదా వేశారు. కాలికి ఆ మర్యాద తెలియక మానిపోయింది.

సభకు ముందురోజు మంత్రిగారి పీఏ వచ్చాడు.

"పుండేదీ?"

"మానిందండి."

"ఎవర్నడిగి మాన్పించారు?"

నర్సుకు ఏడో మంచం మీది తాపీ మేస్త్రీ గుర్తొచ్చాడు. గుర్తురాని పూటంటూ లేదు. మేకు దిగిన పాదం, పైగా షుగరు. వారంలో పట్టీ పడకపోతే పాదం తీసెయ్యాలన్నాడు డాక్టరు.

"మేస్త్రీకి వేద్దామండి. ఆయనది నిజం పుండే."

"చీముందా?"

"ఉంది."

"టీవీలో బాగోదు. డ్రైవరు కాలికే కట్టు కట్టండి. మంత్రిగారు పట్టీ వేసి తీస్తారు, అంతే."

"అబద్ధం కదండీ."

"సభ అయిన అరగంటలో స్టోరు తాళంచెవి మీ చేతిలో ఉంటుంది."

ఆవిడ కట్టు కట్టింది. కడుతున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది.

సభలో డ్రైవరు బ్రహ్మాండంగా కుంటుతూ వచ్చాడు. మంత్రిగారు కట్టు విప్పించి, ఆ పాత పట్టీనే వేసి, వాచీ చూసుకుని నిమిషానికి తీశారు. నున్నటి చర్మం. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది మంత్రిగారే.

"నిమిషమేనా?" అన్నారు పీఏ చెవిలో.

"తమ హస్తవాసి సార్."

హస్తవాసి ఉన్నవాళ్లకు పొదుపు కూడా తెలుస్తుంది. మైకు వదలకుండానే మంత్రిగారు ఉత్తర్వు ఇచ్చేశారు. మనిషికి నిమిషం చాలినప్పుడు ఆసుపత్రికి ఒక్క పట్టీ చాలదా? ఆరువందల పట్టీలు ఆరువందల ఆసుపత్రులకు వెళ్లాలి. రోగులు వరుసలో రావాలి.

పీఏ మాట తప్పే మనిషి కాదు. సరిగ్గా అరగంటకు తాళంచెవి నర్సు చేతిలో పెట్టాడు. పరుగున వెళ్లి తీస్తే, స్టోరులో ఒక్క గోడ గడియారం ఉంది.

"మా పట్టీలండీ?" అంది వెనకే వచ్చిన పీఏతో.

"లారీ వెళ్లిపోయింది. మీ వాటా పట్టీ మీరు వాడేసుకున్నారుగా. నిమిషం చూడ్డానికి ఇది."

వార్డులో మేస్త్రీ అప్పటికే పాదం దుప్పటి బయట పెట్టుకుని ఉన్నాడు. నర్సు అతని మొహం చూడలేక, గడియారాన్ని ఎదుటి గోడకున్న మేకుకు తగిలించింది. మేస్త్రీ ఒక కన్ను మూసి చూశాడు.

"వంకరగా ఉందమ్మా. పోన్లే, పట్టీ పడి కాలు నిలబడ్డాక నేనే సరిచేస్తాను."