డాక్టరు గారు కంప్యూటర్లోకి వచ్చారు, లేచి నిలబడండి

డాక్టరన్నవాడు ఊళ్లో ఉండకూడదు. ఉంటే వైద్యం పాడైపోతుంది!

ఈ మాట అన్నందుకు నామీద స్టెతస్కోపులు విసరకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. ఊళ్లో ఉన్న డాక్టరు ఏం చేస్తాడు? రోగి చెయ్యి పట్టుకుంటాడు, చెమట అంటుతుంది. మొహంలోకి చూస్తాడు, జాలి పుడుతుంది. ఏం తింటున్నావని అడుగుతాడు, అవతలి మనిషి చెప్పడం మొదలుపెడుతుంది, పొద్దు వాలిపోతుంది. అదే డాక్టరు విశాఖపట్నంలో ఏసీ గదిలో కూర్చుని తీగ గుండా విచ్చేస్తే ఈ బాధల్లో ఒక్కటైనా ఉందా? అక్కడ కూర్చుని ఇక్కడి కంప్యూటర్‌ని తన బల్లమీద ఉన్నట్టే నడిపించే ఈ సౌకర్యాన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఇది మానవజాతికి ఎంత మేలు చేసిందో తెలియాలంటే కాశీబుగ్గ వెళ్లి సలోమిని అడగాలి.

సలోమి అక్కడ 'పెద్దతల్లి రక్తపరీక్షా కేంద్రం' అనే చోట కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి. ఆదివారం బాప్టిస్టు చర్చిలో పాటలు పాడుతుంది. మిగతా రోజుల్లో ఆ గొంతు కేంద్రానికి వేరే రకంగా ఉపయోగపడేది, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఇదంతా మొదలైంది రెండువేల ఏడులో. చుట్టూ ఉన్న ఉద్దానం ఊళ్లలో కిడ్నీల జబ్బు ఏ ఇంట్లో ఎవరిని పట్టుకుంటుందో తెలియని భయం. కాళ్లు కాస్త వాచాయంటే చాలు, జనం కాశీబుగ్గ బస్సెక్కేవారు. రక్తం తీయడానికి మనుషులున్నారు, మిషన్లున్నాయి. రిపోర్టు చూసి సంతకం పెట్టడానికి మాత్రం పెద్ద డాక్టరు కావాలి. పక్కనే పలాసలో ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఆగుతాయి గానీ పెద్ద డాక్టర్లు దిగరు. అందుకని కేంద్రం యజమాని రామూర్తి, డాక్టర్ ప్రేమ్‌కుమార్ గారిని విశాఖలో ఉన్నచోటే ఉంచి, కంప్యూటర్లోకి రప్పించుకున్నాడు.

డాక్టరు గారు అక్కడ మీట నొక్కగానే ఇక్కడ సలోమి ముందున్న తెర నీలంగా మారి తాళం పడిపోయేది. ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోకూడదన్నది ఆ కంప్యూటర్ పెట్టుకున్న నియమం. ఆయన లోపల ఉన్నంతసేపూ సలోమి చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఒకసారి మరిచిపోయి ఆమె తన పాస్‌వర్డ్ కొట్టేసింది. లోపలికి తను వచ్చింది, ఆయన బయట పడ్డారు. మరుక్షణం ఫోన్ మోగింది. తనని ఎవరు గెంటేశారో డాక్టరు గారికి ఆ సాయంత్రం వరకూ అర్థం కాలేదు, సలోమీ చెప్పలేదు.

మొదటిరోజు తెర నీలంగా మారినప్పుడు సలోమి ఎందుకు పని ఆపిందో జనానికి చెప్పాలి గదా. "డాక్టరు బాబు వచ్చీసినారు," అని చెప్పింది. ఉద్దానం జనం మర్యాద తెలిసినవాళ్లు. హాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

అంతే, అదే ఆనవాయితీ అయిపోయింది. తెర నీలంగా మారితే కండువాలు భుజం మీంచి దిగేవి, చెప్పులు బెంచీ కిందకి పోయేవి. నడుం పట్టేసి వచ్చిన ముసలాళ్లు సైతం గోడ ఆసరాతో లేచేవారు. కొందరు దండం కూడా పెట్టేవారు. పాఠకులారా, ఒంటితో వచ్చే ఏ డాక్టరుకైనా ఈ గౌరవం ఎక్కడైనా దక్కిందా?

మరి ఇంత గొప్ప రాకపోకలకి కాపలా ఉండాలి కదా అంటారేమో. ఉండేది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ ఇంటర్నెట్ పెట్టె కొత్త నెంబరు తెచ్చుకునేది. ఆ నెంబరు తెలిస్తే తప్ప డాక్టరు గారికి దారి దొరకదు. కాశీబుగ్గలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో లెక్కపెట్టే ఓపిక కరెంటాఫీసుకే లేదు. పోయి వచ్చినప్పుడల్లా సలోమి విశాఖకి ఫోన్ చేసి నెంబరు చెప్పాలి. ఫోన్లో గరగర తప్ప ఏమీ వినపడదు. అప్పుడు ఆమె చర్చిలో పై స్థాయిలో పాడే గొంతు బయటికి తీసేది. ఎదురుగా టీ బడ్డీవాడు నెంబరు విని, గరగరలో డాక్టరు గారు మళ్లీ అడిగితే, గ్లాసులు కడుగుతూ తనే అందించేవాడు.

ఇక పాస్‌వర్డు. రామూర్తి తన తల్లి పేరు పెట్టాడు. కేంద్రానికి ఆ పేరే, రసీదు పుస్తకానికి ఆ పేరే, బయట బోర్డు మీద అడుగెత్తు అక్షరాల్లో ఆ పేరే. టెక్కలి నుంచి వచ్చి కంప్యూటర్లు బాగుచేసే ఫిన్నీ అది చూసి తల పట్టుకున్నాడు. తాళంచెవిని గుమ్మానికే వేలాడదీశారని, వెంటనే మార్చమని బతిమాలాడు.

"అమ్మ పేరు తీసీమంతావేటి ఫిన్నీ?" అన్నాడు రామూర్తి. "ఆ పేరు మీదే గదా ఈ సెంటరు నిలబడినాది."

దానికి ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ సమాధానం లేదు. కనీసం చివర నాలుగు అంకెలైనా కలపమన్నాడు ఫిన్నీ. రామూర్తి సరేనని తల్లి పోయిన సంవత్సరం కలిపాడు. ఆ సంవత్సరం రిసెప్షన్లో దండవేసిన ఫొటో కింద ఎర్రరంగుతో రాసి ఉంది. ఇది లోపమని ఫిన్నీ అంటాడు. కాదు, నిబ్బరమని నేనంటాను. పాస్‌వర్డ్ మరిచిపోయామని ఏడ్చే పట్నాలవాళ్లు కాశీబుగ్గ వచ్చి బోర్డు చదివి నేర్చుకోవాలి!

ఇప్పుడు కాసులమ్మ సంగతి చెప్పాలి. జలంత్రకోటలో పుట్టి, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కుదిరిన మనిషి. పొద్దస్తమానం కింద కూర్చుని జీడిపిక్క కొట్టి పప్పు తీసే పని. కిందటేడు ఊళ్లో ఆమె తమ్ముడు ఇదే కిడ్నీల జబ్బుతో పోయాడు. ఇప్పుడు ఆమె కాళ్లు వాచాయి. ఆమెకి కావలసింది ఒక్కటే జవాబు. తమ్ముడికి వచ్చింది తనకీ వచ్చిందా, లేదా?

రిపోర్టులో కిడ్నీల సంగతి చెప్పే అంకె కాస్త ఎక్కువగా ఉంది. మంచిదని చెప్పడానికీ లేదు, చెడ్డదని చెప్పడానికీ లేదు. అడుగున డాక్టరు గారి సంతకం, దానిపైన ప్రతి రిపోర్టులోనూ ఉండే ఒక ఇంగ్లీషు వాక్యం. అదేమిటని కాసులమ్మ అడిగింది. రోగిని స్వయంగా చూసి, ఈ అంకెలతో పోల్చుకుని నిర్ణయించవలెను అని సలోమి తెలుగులో చెప్పింది.

"ఎవురు సూడాల?" అంది కాసులమ్మ.

అదే వాక్యాన్ని ఎన్ని వందల రిపోర్టుల మీద అచ్చుతీసిందో గానీ, ఆ ప్రశ్న సలోమికి అంతవరకూ తట్టలేదు. మరోసారి పరీక్ష చేయిద్దామని చెప్పి పంపేసింది.

కాసులమ్మ మళ్లీ వచ్చింది, ఆ పూట కూలి పోగొట్టుకుని. రక్తం ఇచ్చింది. మర్నాడు రిపోర్టు కోసం వచ్చి కూర్చుంది. ఇంతలో తెర నీలంగా మారింది. హాలంతా లేచింది, కాసులమ్మా లేచింది. మామూలుగా పావుగంటలో డాక్టరు గారు వెళ్లిపోతారు. ఆరోజు ఎంతకీ వెళ్లరు. వాచిన కాళ్లతో నిలబడలేక కాసులమ్మ ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద ఒరుగుతోంది. సలోమి చూడలేక కూర్చోమంది.

"పెద్దమనిషి లోపలుండగా కూకుంటే ఏటి బాగుంటాదమ్మా," అంది కాసులమ్మ.

అప్పుడు ఫోన్ మోగింది. డాక్టరు గారు. వెనక సన్నాయి వినిపిస్తోంది. విజయనగరంలో బంధువుల పెళ్లిలో ఉన్నానని, ఇవాళ కంప్యూటర్లోకి రాలేనని, రిపోర్టులు రేపు చూస్తానని చెప్పి పెట్టేశారు.

సలోమి ఫోన్ వంక చూసింది, నీలం తెర వంక చూసింది, నిలబడి ఉన్న జనం వంక చూసింది. మరి లోపలున్న పెద్దమనిషి ఎవరు?

సాయంత్రానికి ఫిన్నీ వచ్చి తీగ పీకి, లోపల గాలించి చెప్పాడు. ఏ దేశంవాడో నెంబరు పట్టుకుని, తెర మీద కనిపించే కేంద్రం పేరునిబట్టి పాస్‌వర్డ్ ఊహించి చొరబడ్డాడు. మన కంప్యూటర్లో కూర్చుని అమెరికా వాళ్లందరికీ బట్టతల మీద జుట్టు మొలిపించే మందు అమ్ముతూ ఉత్తరాలు పంపించాడు. ఏమైతేనేం, అతనూ వైద్యరంగం వాడే. మన మర్యాద పూర్తిగా వృథా కాలేదు.

రామూర్తి హడలిపోయాడు. తల్లి ఫొటోకి అగరొత్తులు వెలిగించి, క్షమాపణ చెప్పుకుని, పాస్‌వర్డ్ మార్చడానికి ఒప్పుకున్నాడు. ఫిన్నీ విజృంభించాడు. డాక్టరు గారికి వేరే ఖాతా. ఇంగ్లీషు పెద్ద బడి చిన్న బడి అక్షరాలు కలగలిపిన పొడుగాటి పాస్‌వర్డు. మూడుసార్లు తప్పు కొడితే ఖాతాకి తాళం. ఆ తాళం తీసే అధికారం ఫిన్నీ ఒక్కడిదే, అదీ టెక్కలి నుంచి స్వయంగా వస్తేనే.

భద్రత అద్భుతంగా పనిచేసింది. మొట్టమొదట చిక్కినవాడు డాక్టర్ ప్రేమ్‌కుమార్ గారే! ఆయన కీబోర్డులో క్యాప్స్ లాక్ అనే పెద్దక్షరాల మీట పడి ఉండిపోయింది. మూడుసార్లు కొట్టారు, తాళం పడింది. ఫిన్నీ వచ్చి తీశాడు. మళ్లీ కొట్టారు, మళ్లీ పడింది. తను కొట్టింది సరైనదేనని ఆయన విశాఖ నుంచి ఒట్టేసి చెబుతున్నారు. ఇక్కడ సంతకాల్లేక రిపోర్టులు పేరుకుపోయాయి, హాల్లో చోటు లేదు. చివరికి రామూర్తి ఫోన్లోనే కాళ్లమీద పడ్డంత పనిచేస్తే, డాక్టరు గారు పొద్దున్న రైలెక్కి పలాసలో దిగారు.

ఆటో దిగి, చేతిలో సంచీతో కేంద్రంలోకి వచ్చారు. ఒక్కరూ లేవలేదు. ఎందుకు లేస్తారు? వాళ్లు డాక్టరు గారిని ఎప్పుడు చూశారు గనక? ఆయన తెరకి అడ్డంగా నిలబడ్డారు.

"కొంచిం పక్కకి జరుగు బాబూ," అంది కాసులమ్మ. "డాక్టరు బాబు వచ్చీ యేలయింది."

ఆయన జరిగారు. సలోమి ఎవరని అడిగారు. ఆ గొంతు విని సలోమి ఉలిక్కిపడి లేచింది. ఈయనే డాక్టరు గారని చెప్పింది. కాసులమ్మ ముందు తెర వంక చూసింది. అది నీలంగా లేదు. నమ్మడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

డాక్టరు గారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీశారు. అక్కడ పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఏం పని చేస్తావని అడిగారు. నడుం నొప్పులుండవా అన్నారు. ఎందుకుండవు, రోజూ మాత్రలు మింగుతున్నానని కాసులమ్మ కొంగుముడి విప్పి చూపించింది. కిళ్లీకొట్లో కొన్న నొప్పుల మాత్రలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఎన్నేళ్ల నుంచో. డాక్టరు గారు ఆ అట్టని తిప్పి వెనక రాసిన పేరు చదివారు. ఇన్నాళ్లుగా ఆయన చూసిన ఏ అంకెలోనూ ఆ కొంగుముడి లేదు.

"నాకొచ్చిందా బాబూ?" అంది కాసులమ్మ.

"మొదలైందమ్మా. చెయ్యి దాటలేదు. ఈ మాత్రలు ఇక ముట్టుకోకు. నెల నెలా నిన్ను నేను చూడాలి," అన్నారాయన.

కాసులమ్మ కళ్లు తుడుచుకుంది. భయంతో కాదు, జవాబు దొరికినందుకు.

అయ్యా, చూశారా అనర్థం! ఒక్క మనిషితో అరగంట గడిచిపోయింది. ఆ రోజు ఆయన చూడగలిగింది ఎంతమందినని? సాయంత్రం రైలుకి విశాఖ వెళ్లిపోయారు. ఫిన్నీ తాళం తీసి, ఆ పెద్దక్షరాల మీట జోలికి పోవద్దని చెప్పాడు. కనెక్షన్ నిక్షేపంగా కుదిరింది. మరుసటి నెల కాసులమ్మ వచ్చేసరికి తెర నీలంగా మారింది, అందరూ లేచారు, రిపోర్టు వచ్చింది. అడుగున అదే వాక్యం, రోగిని స్వయంగా చూడవలెనని.

"నెల నెలా సూత్తానన్నారు గదమ్మా," అంది కాసులమ్మ.

 మర్నాడు సలోమి ఫిన్నీకి ఫోన్ చేసి, డాక్టరు గారి ఖాతాలో ఈ కంప్యూటర్ దగ్గర కూర్చుని ఎవరైనా తప్పు పాస్‌వర్డ్ కొట్టినా తాళం పడుతుందా అని అడిగింది. పడుతుందన్నాడు ఫిన్నీ. ఎందుకని మాత్రం అడగలేదు.

అప్పట్నుంచి నెలకోసారి, మొదటి సోమవారం, డాక్టరు గారి ఖాతాకి తాళం పడిపోతోంది. ఆరోజు టెక్కలి నుంచి ఫిన్నీకి బస్సు దొరకదు. హైవే మీద గంటకి పది బస్సులు తిరుగుతున్నాయే అంటే, అన్నీ నిండిపోయాయంటాడు. విధిలేక డాక్టరు గారు రైలెక్కుతున్నారు. వైరస్ అని కొందరు, డాక్టరు గారి చేతి పొరపాటని కొందరు అనుకుంటున్నారు. సలోమి మాత్రం భద్రత విషయంలో రాజీ పడకూడదని గట్టిగా చెబుతుంది.

నేనూ అదే అంటాను. మా ఉద్దానం నీళ్లనీ, ఆసుపత్రులనీ, రోడ్లనీ ఎక్కడో పట్నాల్లో కూర్చుని కంప్యూటర్లలో నడిపిస్తున్న పెద్దలందరి ఖాతాలకీ ప్రభుత్వం వెంటనే ఇంత గట్టి భద్రత కల్పించాలి. మూడుసార్లు తప్పు కొట్టడానికి మా దగ్గర మనుషులు సిద్ధంగా ఉన్నారు.

ఒక్కటే లోటు. డాక్టరు గారు స్వయంగా గుమ్మంలోకి వచ్చినా కాసులమ్మ ఇప్పటికీ లేవదు. కాళ్లు చూపించాలంటే కూర్చోవాలి కదా.