తొమ్మిది తీగచెట్లు, ఒక నల్లటేపు

శనివారం ఉదయం ఏడింటికి కాఫీ గ్లాసు కింద పెట్టి, మధ్యాహ్నం భోజనం వేళకి తొమ్మిది చెట్లూ తయారైపోతాయని మళ్ళీచెయ్యిగారు ప్రకటించారు. వినడానికి ఇంట్లో భార్య ఒక్కతే ఉంది. ఆవిడ చర్చిలో పాటల రిహార్సలుకి వెళ్ళే తొందరలో చెప్పులు వేసుకుంటూ, "అలాగే. పెరటి తలుపు వేసుకోండి, కుక్కలొచ్చి నా టమాటా మొక్కలు తొక్కేస్తాయి" అనేసి వెళ్ళిపోయింది. ఆ రోజు కుక్కలేవీ రాలేదు. రావలసిన అవసరం లేకుండా పోయింది.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకి వేరే ఉంది. పంపులు తయారుచేసే కర్మాగారంలో ముప్ఫై నాలుగేళ్ళు తనిఖీ అధికారిగా పనిచేసి, ఆయన ఒక్క మర బిగించిన పాపాన పోలేదు. ఇంకొకళ్ళు బిగించిన మర ముందు నిలబడి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "మళ్ళీ చెయ్యి" అనడమే ఆయన ఉద్యోగం. ఎందుకో చెప్పేవారు కాదు. కారణం చెబితే అవతలివాడు నేర్చేసుకుంటాడు, నేర్చేసుకుంటే ఇక తనిఖీ ఎందుకు? రిటైరైన రోజున కర్మాగారంవాళ్ళు ఒక గోడగడియారం ఇచ్చి హమ్మయ్య అనుకున్నారు. మాట మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చేసింది. పరిచిన దుప్పటి, మడిచిన బట్టలు, తుడిచిన గచ్చు, అన్నీ మళ్ళీ చెయ్యాల్సినవే.

నిజం చెప్పాలంటే ఆయనకి మిగిలింది ఆ మాటొక్కటే. సంతకం పెట్టడానికి కాగితాలు లేవు, చూడగానే లేచి నిలబడే మనుషులూ లేరు. ఇప్పుడు దానికే ఎసరొచ్చింది.

ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళింటి ఆవరణలో ఇనప తీగ వంచి చేసిన నడుమెత్తు తీగచెట్లు నిలబెట్టి, వాటికి రంగు దీపాలు చుడతారు. సాయంత్రం ఆరింటికి పాస్టరుగారు వచ్చి స్విచ్చి నొక్కుతారు, పాటల బృందం పాడుతుంది. ఆరేళ్ళుగా ఆ చెట్లు చేస్తున్నది ఆయన బావమరిది, ఎలక్ట్రీషియను. పోయిన ఆదివారం బావమరిది మొదటి చెట్టు పూర్తిచెయ్యగానే మళ్ళీచెయ్యిగారు పదిమంది ముందూ టేపు పెట్టి కొలిచి, "రెండు వేళ్ళు వాలింది. మళ్ళీ చెయ్యి" అన్నారు. బావమరిది తన చేతిలోని కటింగ్ ప్లేయరు ఆయన అరచేతిలో పెట్టాడు.

"ఈసారి మీరే చెయ్యండి బావా. శనివారం ఆరింటికి తొమ్మిది చెట్లూ వెలిగాయా, అందరి ముందూ గురువుగారూ అని దణ్ణం పెడతా. వెలగలేదా, ఆ మాట ఇంకెప్పుడూ ఎవరితోనూ అనకూడదు."

"ఏ మాట?"

"మీకు తెలుసు."

పదిమందీ చూస్తున్నారు కాబట్టి ఆయన సరేనన్నారు. తీగ వంచడం ఒక పనా!

ఒక పనేనని శనివారం పదింటికల్లా తేలింది. రెండున్నర గంటలు కుస్తీ పట్టగా పుట్టిన మొదటి చెట్టు, గాలికి తిరగబడిన గొడుగులా ఉంది. ఇదే ఇంకొకరు చేసి ఉంటే ఏమనేవారో చెప్పనక్కరలేదు. తను చేసింది కాబట్టి, "తీగలో నాణ్యత లేదు" అని పైకే అనుకుని, బొటనవేలికి గుడ్డ చుట్టుకుంటూ పెరట్లోకి నడిచారు. అక్కడ కనబడ్డాయి చట్రాలు.

టమాటా మొక్కలు కాయల బరువుకి వాలిపోకుండా చుట్టూ నిలబెట్టే తీగ చట్రాలవి. పైన పెద్ద రింగు, మధ్యలో ఇంకొకటి, కింద చిన్నది, నేలలోకి దిగే నాలుగు కాళ్ళు. తిరగేసి కాళ్ళు నాలుగూ ఒకచోట ముడేస్తే అచ్చం చెట్టే. పైగా సరిగ్గా తొమ్మిది! తన బుర్రకి తనే ముచ్చటపడి ఆయన చట్రాలు పీకడం మొదలుపెట్టారు. ఒక్కో చట్రం పైకి లాగుతుంటే నాలుగేసి కాయలు రాలాయి, కొమ్మలు పుటుక్కుమన్నాయి, ఆసరా పోయిన మొక్కలు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

భార్య ఆ మొక్కల్ని మూడు నెలలుగా కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఆ సంగతి చట్రాలన్నీ పీకేశాక గుర్తొచ్చింది. చుట్టూ చూశారు. దండెం మీద తెల్లటి గుడ్డపేలికలు ఆరుతున్నాయి. ఎందుకూ పనికిరానివే అనుకుని వాటిని తీసుకొచ్చి, ఒక్కో మొక్కనీ నడుం దగ్గర పట్టి గోడ మేకులకి కట్టేశారు. అవి పై వాటాలో ఉండే టైలరమ్మ పాటల బృందం గౌన్ల కోసం కుట్టి, ఉతికి ఆరేసిన నడుము పట్టీలు.

అప్పుడే భార్య ఫోన్ చేసింది. "ఎంతవరకు వచ్చిందండీ పని?"

"అదే, మధ్యలో నీ మొక్కల సంగతి చూస్తున్నా. వాలిపోతుంటే ఆసరా కడుతున్నా."

పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆయన మొక్కకి చెంబెడు నీళ్ళు పోసింది లేదు. ఆవిడ కరిగిపోయింది. పక్కనున్న పాటలవాళ్ళతో, "మా ఆయన మారిపోయాడే!" అని చెప్పుకుంది కూడాను. పై వాటాలో టైలరమ్మ ఖాళీ దండెం చూసి, పట్టీలు బృందంవాళ్ళే పట్టుకెళ్ళారు కాబోలనుకుని నిశ్చింతగా నిద్రపోయింది. అలా ఆ ఇంట్లో మధ్యాహ్నం దాకా అందరూ సంతోషంగానే ఉన్నారు.

ఇక దీపాలు చుట్టాలి. బల్బుల తీగకి ఒక చివర ప్లగ్గు ఉంటుంది, రెండో చివర ఇంకో తీగని తగిలించడానికి సాకెట్టు. ఏ పనైనా పైనుంచి మొదలుపెట్టడమే పద్ధతి అన్నది ఆయన సిద్ధాంతం. కర్మాగారంలో అన్నీ పైనుంచే వచ్చేవి. కాబట్టి ప్లగ్గుని చెట్టు కొసన కట్టి, అక్కణ్ణించి కిందికి చుట్టుకుంటూ వచ్చారు. తీగ జారకుండా నాలుగు వేళ్ళకొకటి చొప్పున ప్లాస్టిక్ టై బిగించి, మిగిలిన తోక కటింగ్ ప్లేయరుతో కత్తిరించారు. బావమరిది జానెడుకొకటి వేసేవాడు. పనితనమంటే ఏమిటో చూపించాలి కదా! రెండున్నరకి తొమ్మిదో చెట్టు పూర్తిచేసి, వరసగా నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి కళ్ళజోడు జార్చారు. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి ఒక వస్తువు ఆయన తనిఖీలో నెగ్గింది.

నిద్ర లేచిన టైలరమ్మ పైనుంచి తొంగిచూసింది. "అన్నయ్యగారూ, ప్లగ్గులు ఆకాశంలో ఉన్నాయేంటి?"

గోడకున్న సాకెట్టు చూస్తే మోకాలెత్తులో ఉంది. తొమ్మిది ప్లగ్గులూ నెత్తి మీద కొప్పుల్లా నిలబడి ఉన్నాయి. విప్పాలంటే నాలుగైదు వందల టైలు కత్తిరించాలి.

"అది కొత్త పద్ధతమ్మా" అన్నారు.

"ఓహో. మరి కరెంటు పైనుంచి వస్తుందా?"

"పైనుంచే. నీ ఎక్స్‌టెన్షన్ బాక్సు ఓసారి కిందికి వదులు."

ఆవిడ బాల్కనీ నుంచి బాక్సు వదిలింది. దాని వైరు పొట్టిది. ఆయన మొదటి చెట్టుని ఎత్తి ప్లగ్గు అందించి చేతులు వదలగానే, చెట్టు నేలకి మూరెడెత్తున వేలాడుతూ మెల్లగా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. సరిగ్గా ఆ సమయానికే గేటు తీసుకుని భార్య, ఆవిడ వెనకాలే బావమరిది వచ్చారు.

ఆవిడ వేలాడుతున్న చెట్టుని చూడలేదు. మారిపోయిన మొగుణ్ణి మెచ్చుకుందామని ముందు పెరట్లోకి వెళ్ళింది. తర్వాత వచ్చిన కేకకి టైలరమ్మ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి, మొక్కల నడుములకున్నవి ఏమిటో గుర్తుపట్టి, తనూ ఒక కేక పెట్టింది.

"అయ్యయ్యో వదినా! నా పట్టీలు!"

"నీ పట్టీలు సరే, నా మొక్కలు చూడవే! ఏవండీ, ఉరి తీసినట్టు ఇలా మేకులకి కట్టారేంటి? చట్రాలేవి?"

"ఏమోయ్, కాస్త శాంతంగా..."

"చట్రాలేవీ?"

ఆయన ఆవరణ వైపు చెయ్యి చూపించారు. ఆవిడ వెళ్ళి చూసింది, ఒకదాన్ని పట్టుకుని ఊపింది, వెనక్కి తిరిగింది. "ఈ క్షణం, ఉన్నవి ఉన్నట్టుగా తీసుకొచ్చి నా మొక్కలకి పెట్టండి. దీపాలు ఉంటే ఉండనీండి, ఊడితే ఊడనీండి. నాకనవసరం."

మళ్ళీచెయ్యిగారు చట్రాల కాళ్ళ ముళ్ళు విప్పి, ఒక్కోటీ తిరగేసి, వంగి, మోకాళ్ళ మీద పాకి, తొమ్మిది మొక్కల్నీ తొమ్మిది చట్రాల్లోకి దూర్చారు. టైలరమ్మ విప్పుకున్న పట్టీల్ని మళ్ళీ ఉతికే వేళ లేక అలాగే చర్చికి పంపించేసింది. తల ప్రాణం తోకకొచ్చింది. అయితే తిరగేసేసరికి ప్లగ్గులన్నీ కిందికొచ్చేశాయి. పెరటి గోడకున్న సాకెట్టు పక్కనే మొదటి మొక్క. పిల్లిలా నక్కి చూస్తున్న ఆయన అహంకారం వెంటనే లేచి కూర్చుంది.

"చూశావురా? మొదట్నించీ నా ప్లాను ఇదే. ఉత్త తీగచెట్లు ఎవడైనా చేస్తాడు. ఇవి ప్రాణమున్న చెట్లు" అన్నారు బావమరిదితో.

"వెలగాలి కదా బావా" అన్నాడు బావమరిది.

తీగలన్నీ ఒకదానికొకటి తగిలించి ఐదున్నరకి స్విచ్చి వేశారు. ఒక్క బల్బూ వెలగలేదు. మళ్ళీ వేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇంకా ఏదో కనబడుతుందేమోనని ఆయన మొక్కల చుట్టూ తిరుగుతుంటే చూడ్డానికి కష్టంగానే ఉంది. భార్య తమ్ముణ్ణి పక్కకి పిలిచింది.

"పోనీలేరా. ఆ మాట కూడా లేకపోతే మీ బావకి పొద్దెలా పోతుంది? కాస్త చూడు."

బావమరిది మెత్తని మనిషి. అక్క మాట కాదనలేదు. స్విచ్చి కట్టేసి మొదటి మొక్క దగ్గర కూర్చుని, రెండు నిమిషాల్లో జబ్బు కనిపెట్టాడు. టై తోక కత్తిరించిన ఉత్సాహంలో బావగారు తీగ కూడా కత్తిరించేశారు. మొదట్లోనే తెగితే వెనకున్నవన్నీ చచ్చినట్టే. రెండు కొసలూ మెలేసి, జేబులోంచి నల్లటేపు తీసి చుట్టి, స్విచ్చి వేశాడు.

పెరడంతా వెలిగింది. పచ్చటి ఆకుల మధ్య ఎర్రటి కాయలు, వాటి చుట్టూ మిణుకుమిణుకుమనే దీపాలు. టైలరమ్మ ముక్కున వేలేసుకుంది. పట్టీల కోసం కళ్ళలో నీళ్ళు పెట్టుకున్న మనిషి కూడా, "ఎంత బావున్నాయో అన్నయ్యగారూ!" అంది. భార్య నవ్వేసింది. ఆరింటికి ఇంకా పది నిమిషాలుంది.

"గెలిచారు బావా" అన్నాడు బావమరిది. "పాస్టరుగారు రాగానే దణ్ణం పెట్టేస్తా."

అక్కడితో ఊరుకుంటే ఇంత కథ ఉండేది కాదు. మళ్ళీచెయ్యిగారు మొదటి మొక్క ముందు వంగారు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది.

"ఇదేంట్రా? పచ్చతీగకి నల్లటేపా?"

"ఆకుల చాటున ఉంది బావా, ఎవరికీ కనబడదు."

"నాకు కనబడింది. పైగా చుట్టడం కూడా వంకరగా చుట్టావు." ఆయన నిటారుగా నిలబడ్డారు. కోల్పోబోయి దక్కించుకున్న మాటని వాడకుండా పది నిమిషాలు ఎలా ఉంటారు? "మళ్ళీ చెయ్యి."

భార్య నెత్తి కొట్టుకుంది. బావమరిది ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"సరే బావా" అన్నాడు బావమరిది ఎంతో వినయంగా. స్విచ్చి కట్టేశాడు, టేపు ఊడబీకాడు, మెలిక విప్పాడు, కొసలు రెండూ కత్తిరించాడు, పచ్చటేపు కోసం సంచీ తెరిచి అందులోని సామానంతా ఒక్కొక్కటిగా బయట పేర్చసాగాడు. అంతలో గేటు చప్పుడైంది. పాస్టరుగారు, వెనక నడుములకి టమాటా మరకల పట్టీలతో పాటల బృందం.

"ఒరేయ్, త్వరగా కానీరా!"

"మళ్ళీ చెయ్యడమంటే సగం సగం చెయ్యడం కాదు కదా బావా. మీరే నేర్పారు."

అందరూ పెరట్లో వరసగా నిలబడ్డారు. పాస్టరుగారు నాలుగు మంచిమాటలు చెప్పి, ఆరు కొడుతుండగా చిరునవ్వుతో స్విచ్చి నొక్కారు. టమాటా మొక్కలు టమాటా మొక్కల్లాగే ఉండిపోయాయి. మసక చీకట్లో ఎవరో దగ్గారు. బావమరిది సంచీలోంచి తలెత్తి, బావగారి వైపు చూసి, నోటి మీద వేలేసి చూపించాడు.

పాస్టరుగారికి ఈ పందెం సంగతేమీ తెలియదు. మళ్ళీచెయ్యిగారి వైపు తిరిగి, "పడలేదండీ. ఏం చెయ్యమంటారు?" అని మర్యాదగా అడిగారు.

ఆయన నోరు తెరిచారు. పదిమందీ ఆ నోటి వైపే చూశారు. ఆయన నోరు మూసుకున్నారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పనులన్నీ మొదటిసారికే పూర్తవుతున్నాయి.