జానీ పాషా ఇంటి సర్వర్

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై మూడో వారం నడుస్తోంది. సిద్దిపేటలోని సాగునీటి శాఖ ఆఫీసుకు తాళం పడింది. అయినా అందులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే జానీ పాషా ప్రతి ఉదయం ఆఫీసు వేళకే తయారయ్యేవాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, జేబులో పెన్ను పెట్టుకొని, ఆఫీసుకు బదులు దీక్షా శిబిరానికి నడిచి వెళ్లేవాడు. సమ్మె కూడా ఉద్యోగం లాంటిదేనని, ఆలస్యంగా పోతే పరువు పోతుందని ఆయన నమ్మకం.

ఆ ఉదయం ఆయనకు రెండు పనులున్నాయి. మరుసటి రోజు రిలే నిరాహార దీక్షలో కూర్చునే వంతు తనది. ఆ మాట శిబిరంలో ఖాయం చేసుకోవాలి. రెండోది అంతకంటే ముఖ్యమైనది. తన బిడ్డ చేసిన ఘనకార్యం నలుగురికీ చెప్పాలి.

బిడ్డ పేరు అఫ్రీన్. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతోంది. కాలేజీలు బందు కావడంతో ఇంటికొచ్చి, మూలన దుమ్ము పట్టిన పాత కంప్యూటర్‌ను బాగుచేసింది. ఇంట్లో ఉన్న ఫోటోలు, వీడియోలన్నీ అందులోకి ఎక్కించింది. ఇంట్లోవాళ్లు ఏ గదిలో కూర్చొని అయినా వాటిని చూసుకోవచ్చు. దుబాయిలో పనిచేసే ఆమె అన్న తౌసీఫ్ అక్కడి నుంచే చూసుకోవచ్చు. తౌసీఫ్‌కు పుట్టిన కూతురిని అతను ఇంతవరకు కళ్లారా చూడలేదు. ముందు రోజు సాయంత్రం ఆ పసిపిల్ల పాకే వీడియోను దుబాయి నుంచి చూసి, ఫోన్ చేసి, "బాబా, మూతి అచ్చం మన దాదీ లెక్కనే ముడుస్తున్నది" అన్నాడు. ఫోన్ పెట్టేసి జానీ పాషా ఆ వీడియోను ఇంకోసారి పెట్టించుకొని చూశాడు.

"దీన్ని ఏమంటరు బిడ్డ?" అని ఆయన అఫ్రీన్‌ను అప్పుడే అడిగాడు.

"మీడియా సర్వర్ అంటరు బాబా."

మొదటి మాట ఆయన నోట నిలవలేదు. రెండోది నిలిచింది. సిద్దిపేట హోటళ్లలో సర్వర్ అంటే ప్లేటులో ఇడ్లీ తెచ్చి బల్ల మీద పెట్టే మనిషి అన్న సంగతి, ఆ సంతోషంలో ఆయనకు తట్టలేదు.

శిబిరంలో ఆయనకు మొదట దొరికినవాడు దుబ్బయ్య. వేరే ఆఫీసులో అటెండరు. సమ్మె మొదలైన నాటి నుంచి శిబిరంలో అందరికీ చాయ్ కాచే పని తనంతట తానే మీద వేసుకున్నాడు. పక్కనే మైకులో నినాదాలు మోగుతున్నాయి. దుబ్బయ్య చెవికి సగం మాటలే చేరుతున్నాయి.

"మా ఇంట్ల సర్వర్ పెట్టినం దుబ్బన్న" అన్నాడు జానీ పాషా.

దుబ్బయ్య చాయ్ వడబోయడం ఆపాడు. "జీతాలు లేని రోజులల్ల సర్వరా? ఏడికెల్లి తెచ్చినవ్?"

"తెచ్చుడేంది, ఇంట్లదే. పాతది. ఇన్నొద్దులు మూలకు పడి ఉండె. మా అఫ్రీన్ లేపి పనిల పెట్టింది."

"పని మంచిగ చేస్తదా?"

"రాత్రిబగలు చేస్తది. ఎవరేం అడిగినా తెచ్చి ముందల పెడ్తది. దుబాయిల ఉన్న మా పిలగాడు అడిగినా పంపిస్తది."

"రాత్రి పండుకోదా?"

"పండుకోనియ్యం. ఒకసారి పండుకుంటే మల్ల లేచేటాల్లకు మస్తు సేపు పడ్తది."

దుబ్బయ్య గ్లాసు కింద పెట్టాడు. "పానం మంచిగుంటదా గట్ల చేస్తే?"

"జర ఒళ్లు వేడెక్కుతది. పక్కకు ఫ్యాను పెట్టినం. గంతకంటే ఏం గావాలె."

తెలుగులో ఆడమనిషినైనా వస్తువునైనా 'చేస్తది' అనే అనడం వల్ల జానీ పాషాకు ఏ అనుమానమూ రాలేదు. దుబ్బయ్యకు మాత్రం అంతా అర్థమైంది. ఆయన చాయ్ గ్లాసులు పట్టుకొని అటు వెళ్లి, అంగన్‌వాడీ టీచర్ల తరఫున శిబిరంలో కూర్చునే లక్ష్మీబాయికి ఈ సంగతి చెప్పాడు. జానీ పాషా ఇంట్లో ఒక ముసలామె ఉందని, జ్వరంతో మూలన పడి ఉన్నా లేపి పని చేయిస్తున్నారని, కునుకు తీయనివ్వడం లేదని. దుబాయికి పార్సిళ్లు కూడా ఆమె చేతనే కట్టిస్తున్నారని ఒక మాట తనవంతుగా కలిపాడు.

లక్ష్మీబాయి ముఖం ఎర్రబడింది. ఆమె లేచి నేరుగా శిబిరం పెద్ద రాజమల్లయ్య దగ్గరికి వెళ్లింది. రాజమల్లయ్య హైస్కూలు లెక్కల సారు. ఎవరి మీదా వినికిడి మాటతో తీర్పు చెప్పకూడదని పట్టింపు ఉన్నవాడు. అందుకే జానీ పాషాను పిలిచి ముఖాముఖి అడిగాడు.

"జానీ భాయ్, నీ ఇంట్ల సర్వర్ ఉన్నది నిజమేనా?"

"నిజమే అన్న." జానీ పాషా ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. వార్త ఇంత తొందరగా పాకుతుందని ఆయన అనుకోలేదు.

"సమ్మెల గూడ పని చేస్తున్నదా?"

"సమ్మెకు దానికి ఏం సంబంధం అన్న?"

"బస్సులు ఆగినయ్, బడులు ఆగినయ్, బొగ్గుబావులు ఆగినయ్. అది ఆగలేదన్నట్టు."

"కరెంటు పోయినా ఆగదు" అన్నాడు జానీ పాషా గర్వంగా.

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులను ఆయన మెచ్చుకోలుగా తీసుకున్నాడు. రాజమల్లయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "సాయంత్రం మేం వచ్చి కండ్లతోని చూస్తం. రేపటి దీక్ష సంగతి అది చూసినంకనే" అన్నాడు.

"రాండ్రి అన్న, తప్పకుండ రాండ్రి" అని జానీ పాషా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. దీక్ష సంగతికీ, తన సర్వర్‌కూ ముడి ఏమిటో ఆలోచించే ఓపిక ఆయనకు ఆ క్షణంలో లేదు. ఎండలో పరుగులాంటి నడకతో ఇంటికి చేరాడు.

"శిబిరం వాళ్లంత మన సర్వర్‌ను చూసేటందుకు వస్తున్నరు" అని చెప్పగానే భార్య వజీరాబీ ఇల్లంతా కడిగించింది. వచ్చేవాళ్ల ముందు పాత డబ్బా కనిపిస్తే బాగుండదని, కంప్యూటర్ మీద పెళ్లినాటి అల్లిక గుడ్డ కప్పింది. ఆ కంప్యూటర్ ఉన్నది జానీ పాషా తల్లి గదిలో. ఇన్వర్టర్ తీగ ఆ గదికే ఉండడంతో అఫ్రీన్ దాన్ని అక్కడ పెట్టింది. డెబ్బై దాటిన ఆ పెద్దావిడను మనవలు దాదీ, అంటే నాయనమ్మ, అనేవారు.

సాయంత్రం మిర్చీబజ్జీలు తేవడానికి జానీ పాషా, అఫ్రీన్ బజారుకు వెళ్లారు. కోడలు సుమయ్య పసిపిల్లతో మిద్దె మీద ఉంది. వజీరాబీ వెనుక వంటింట్లో చాయ్ పెడుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అదే సమయానికి రాజమల్లయ్య, లక్ష్మీబాయి మరో నలుగురితో వచ్చారు. వాళ్లెవరూ ఇంతకుముందు ఆ ఇంటి గడప తొక్కినవాళ్లు కారు. తలుపు తీసే ఉంది. అరుగు పక్క గదిలో, గుడ్డి వెలుగులో, మంచం మీద ఒక ముసలామె పడుకొని ఉంది. పక్కన గుడ్డ కప్పిన యంత్రమేదో గుయ్యిమంటోంది. దానికి ఎదురుగా చిన్న ఫ్యాను తిరుగుతోంది.

"మిషన్ గూడ కుట్టిస్తున్నడు" అంది లక్ష్మీబాయి, గొంతు తగ్గించి. మంచం దగ్గర కూర్చొని ఆమె చేయి పట్టుకుంది. "పెద్దమ్మా, రాత్రి నిద్ర పోనిస్తున్నరా?"

"ఏడ నిద్ర బిడ్డ" అంది దాదీ. అడిగేవాళ్లు దొరికినందుకు లేచి కూర్చుంది. "రాత్రంత గుయ్యిగుయ్యి. బంద్ చెయ్యండ్రా అంటే చెయ్యరు."

"ఇంట్ల పనంత నువ్వేనా?"

దాదీకి రోషం వచ్చింది. కోడలు వజీరాబీ చేసే పనిని పనిగా ఒప్పుకునే అలవాటు ఆమెకు లేదు. "నేను గాకపోతే ఎవరు చేస్తరు? యాభై ఏండ్ల సంది నేనే గద ఈ ఇల్లు నడిపిస్తున్న."

"జీతం?" అని అడిగాడు రాజమల్లయ్య.

"జీతమా?" దాదీ నవ్వింది. "ఒక్క పైస ఎవరన్న ఇచ్చిన్రా."

రాజమల్లయ్య గోడ వైపు తిరిగాడు. లక్ష్మీబాయి కొంగుతో కళ్లొత్తుకుంది. "పెద్దమ్మా, మాతోని సమ్మెకు వస్తవా?"

దాదీ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. సమ్మె మొదలైన రోజు నుంచి శిబిరానికి తీసుకుపొమ్మని ఆమె అడుగుతోంది. పెద్దదానివి, ఎండ తగులుతుందని కొడుకు వద్దంటున్నాడు. "జానీ ఒక్కనాడన్న తోల్కపోయిండా" అని ఆమె అన్న మాటతో లక్ష్మీబాయికి ఇక రుజువులు అక్కరలేకపోయింది. వజీరాబీ చాయ్ గ్లాసుల పళ్లెంతో గదిలోకి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వీధి మలుపులో ఒక ఆటో నినాదాలు చేస్తూ వెళ్లిపోతోంది.

బజ్జీల పొట్లంతో వచ్చిన భర్తకు ఆమె చెప్పింది: "చాయ్ తాగకుంటనే పోయిన్రు. అమ్మను గూడ తీస్కపోయిన్రు."

"అమ్మనెందుకు తీస్కపోయిన్రు?"

"నాకేం ఎరుక. ఆటోల ఆమెనే ముందల కూసోని పోతున్నది."

జానీ పాషాకు ఒక్కటే తోచింది. వచ్చినవాళ్లు సర్వర్‌ను చూడకుండానే పోయారు. కరెంటు లేక, గుడ్డ కప్పి ఉండడం వల్ల వాళ్ల కంట పడలేదు. "మనమే తీస్కపోదాం బిడ్డ" అన్నాడు. అఫ్రీన్ కంప్యూటర్‌ను గుడ్డతో సహా ఒళ్లో పెట్టుకొని ఆటోలో కూర్చుంది. జానీ పాషా మానిటర్‌ను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

వాళ్లు శిబిరానికి చేరేసరికి జనరేటరు మీద లైట్లు వెలుగుతున్నాయి. వేదిక మధ్యలో, మెడలో బంతిపూల దండతో దాదీ కూర్చొని ఉంది. రాజమల్లయ్య మైకు పట్టుకొని, ఇంటి నాలుగు గోడల మధ్య వెట్టి చేస్తున్న ఈ తల్లి కూడా నేడు సమ్మెలోకి దిగిందని చెబుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. తల్లిని వేదిక మీద చూడగానే జానీ పాషాకు ముందు గుండె ఉప్పొంగింది. ఆ తర్వాతే మైకులో మాటలు అర్థమయ్యాయి.

"ఈమెను పనిల పెట్టుకున్నది నువ్వే గద జానీ భాయ్" అన్నాడు రాజమల్లయ్య అందరి ముందు. "సమ్మెల ఉండి గిట్ల చెయ్యొచ్చునా? రేపు నువ్వు దీక్షల ఎట్ల కూసుంటవ్?"

జానీ పాషా మానిటర్‌తోనే మైకు దగ్గరికి నడిచాడు. సమ్మె మొదలైన నాటి నుంచి ఒక్కరోజు తప్పకుండా వచ్చిన చోట, వందల మంది ముందు, తను దోషిగా నిలబడి ఉన్నాడు. ఎందుకో తెలియదు. తెలిసింది ఒక్కటే, అదే చెప్పాడు.

"ఆమె మా అమ్మ అన్న."

మైకు ఆ మాటను బజారంతా వినిపించింది.

"నా కొడుకే" అంది దాదీ, దండ సర్దుకుంటూ. "ఏం జేసిండు?"

లక్ష్మీబాయి ముందుకొచ్చింది. "మరి రాత్రిబగలు పని చేసే సర్వర్ ఎవరు?"

అఫ్రీన్ వేదిక ఎక్కి, చేతుల్లోని పెట్టెను కింద పెట్టి, అల్లిక గుడ్డ తీసింది. "గిదే" అంది.

అందరూ దుబ్బయ్య కోసం చూశారు. దుబ్బయ్య చాయ్ గిన్నె వెనక్కి వంగి స్టవ్ మంట సరిచేస్తున్నాడు.

జనరేటరు తీగ తగిలించగానే మానిటర్ వెలిగింది. మొదట పసిపిల్ల పాకుతూ వచ్చింది. తర్వాత అఫ్రీన్ హ్యాండీకామ్‌తో తీసిన వంటావార్పు నిరసన వచ్చింది. నడిరోడ్డు మీద పొయ్యిలు, వాటి మీద పెద్ద గంజులు, వాటి చుట్టూ వీళ్లే. లక్ష్మీబాయి బతుకమ్మ ఆడుతోంది. రాజమల్లయ్య కట్టెల పొగకు కళ్లు మూసుకొని పప్పు కలుపుతున్నాడు. వెనుక వరుసల వాళ్లు ముందుకొచ్చారు. మైకు పని ఎవరికీ లేకపోయింది.

"గది నేనే" అన్నాడు రాజమల్లయ్య, తెరను చూపిస్తూ. "ఇంకొకసారి పెట్టు బిడ్డ."

"ఇది దుబాయిల మా తౌసీఫ్ గూడ చూస్తుండు అన్న" అన్నాడు జానీ పాషా. "వాని రూముల మన సిద్దిపేటోళ్లు, కరీంనగరోళ్లు ఉన్నరు. సమ్మెకు రాలేరు గద. డ్యూటీ దిగినంక అందరు కూసోని గిదే చూస్తున్నరట. మనం ఒక్కొక్కరం ఆళ్లకు ఎరుకే. అంత నా బిడ్డ చేసింది."

రాజమల్లయ్య అఫ్రీన్ తల మీద చేయి పెట్టాడు. తర్వాత జానీ పాషాను కౌగిలించుకొని, తప్పు తనదేనని మైకులోనే చెప్పాడు. లెక్కల సారు తన లెక్క తప్పిందని ఒప్పుకోవడం సిద్దిపేటలో ఎవరూ అంతకుముందు వినలేదు. "రేపు దీక్షల నువ్వే ముందు కూసుంటవ్ జానీ భాయ్" అని దాదీ మెడలోని దండ తీసి ఆయనకు వేయబోయాడు.

దాదీ దండను రెండు చేతులతో పట్టుకుంది. "నాకేసినది వానికెందుకు? నేనే కూసుంట."

"అమ్మా, పొద్దుందాక ఏం తినొద్దు" అన్నాడు జానీ పాషా.

"నాకు చెప్తున్నవా?" అంది ఆమె.

మరుసటి రోజు ఉదయం దాదీ మరో ఆరుగురితో కలిసి దీక్షలో కూర్చుంది. జానీ పాషా ఇస్త్రీ చొక్కా వేసుకొని ఎదుటి వరుసలో, వచ్చిన ప్రతివాడికీ ఆమెను చూపిస్తూ నిలబడ్డాడు. అఫ్రీన్ ఉదయం నుంచి వీడియో తీసింది. సాయంత్రం ఐదింటికి అలవాటు ప్రకారం రాజమల్లయ్య నిమ్మరసం గ్లాసు తెచ్చి, దీక్ష విరమించమని దాదీకి అందించాడు. ఏటేటా రంజాన్ నెలంతా ఒక్క రోజా ఉపవాసం కూడా వదలని ఆ పెద్దావిడ గ్లాసు వైపు చూసి, ఆకాశం వైపు చూసింది.

"ఇంక పొద్దు గూకలే గద సారు" అంది.

పెద్దామె తాగకుండా తాము తాగితే బాగుండదని మిగతా ఆరుగురూ గ్లాసులు చేతిలో పట్టుకొని, పొద్దు గూకగానే పిలిచే మగ్రిబ్ అజా ఎప్పుడు వినిపిస్తుందా అని మసీదు వైపు చెవులు రిక్కించి కూర్చున్నారు.