రాహుకాలంలో ఈసీజీ

ఆ శుక్రవారం ఉదయం రూపేష్ వేసుకున్న లెక్క చాలా సులువైనది. తిరుపతిలో బస్సెక్కడం, పది లోపల చిత్తూరులో డాక్టర్ యోగానంద గారి నర్సింగ్ హోంలో దిగడం, ఈసీజీ మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపే సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, తర్వాత భోజనం. ఆ సాఫ్ట్‌వేర్ చేసే పనీ సులువే. రోగి గుండె గీతలను మిషన్ నుంచి అందుకుని వెబ్‌సైటుకు పంపుతుంది. చెన్నైలో పెద్ద డాక్టరు కూర్చున్నచోటే వాటిని చూస్తాడు. ఇంతకుముందు రెండు ఊళ్లలో అది పంపలేదు, ఆయన చూడలేదు. అందుకే కంపెనీ మేనేజరు, "ఒంటిగంట లోపల చిత్తూరు నుంచి ఈసీజీ రాకపోతే నువ్వు మళ్లా ఆఫీసుకు రావద్దప్పా, అట్నే ఇంటికి పో" అని ప్రేమగా సాగనంపాడు.

బస్సు పాకాల దగ్గర పంచరైంది. రూపేష్ నర్సింగ్ హోం మెట్లెక్కేసరికి పదీ ముప్పావు.

"పదిన్నరకే రాహుకాలం వచ్చేసినాది. పన్నెండు దాకా ఏమీ ముట్టుకునేది లేదు" అంటూ డాక్టరు గారి భార్య ప్రసన్నకుమారి కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది.

డాక్టరు గారు జాలిగా నవ్వారు. మూఢనమ్మకాలను తరిమికొట్టాలని ఊళ్లో మైకు దొరికిన ప్రతిచోటా చెప్పే మనిషి ఆయన. "కంప్యూటర్‌కు రాహువేంది, కేతువేంది ప్రసన్నా? రూపేష్, నువ్వు కాళ్లూ చేతులూ కడుక్కోని రాప్పా, మొదలుపెడదాం."

"అయితే టెంకాయ కొట్టి మొదలుపెట్టండి. ఎన్నిసార్లు మొదలుపెడితే అన్ని టెంకాయలు" అని ఆవిడ హారతి పళ్లెం తేవడానికి మేడమీదికి వెళ్లింది.

గదిలో ఎవరూ లేకుండా చూసి, ఆ విజ్ఞానవాది కంప్యూటర్లో తేదీని ఒకరోజు వెనక్కి జరిపారు. గురువారం ఈ వేళకు రాహుకాలం ఉండదు. మూలన కనిపించే గంటలు మారలేదు గనక ఎవరికీ అనుమానం రాదు. నమ్మకం లేదు సరే, జాగ్రత్తకు ఏం ఖర్చు? పాపం, ఆయనకు తెలియనిది ఒక్కటే. సాఫ్ట్‌వేర్ లైసెన్సు సరిగ్గా ఈ శుక్రవారమే మొదలవుతుంది. నిన్నటి రోజున అది చచ్చినా పనిచేయదు.

తొలి రోగిగా చెంగయ్య దొరికాడు. కార్వేటినగరం దగ్గరి రైతు, మోకాలి నొప్పికి వచ్చాడు.

"మోకాలికి నొప్పయితే రొమ్ముకు వైర్లేంది సార్?"

"ఊరికే చూస్తాం, డబ్బుల్లేవు. పడుకో" అన్నారు డాక్టరు గారు. డబ్బుల్లేవన్నాక చెంగయ్య ఇంకేమీ అడగలేదు.

టెంకాయ పగిలింది, హారతి వెలిగింది, రూపేష్ బటన్ నొక్కాడు. 'సర్వర్‌తో సంబంధం కుదరలేదు' అంది కంప్యూటర్. కంపెనీ హైదరాబాద్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి తేనెలాంటి గొంతుతో, "తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి సార్" అంది. చేశాడు. ఇంకో టెంకాయ. "యాంటీవైరస్ తీసేయండి సార్." తీశాడు. ఇంకో టెంకాయ. "ఇంకా ఏమున్నాయి సార్ అందులో?"

"బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ ఉండాది మేడం."

"అదీ తీసేయండి సార్."

ఉద్యోగం కళ్లముందు ఊగుతుంటే రూపేష్ అదీ పీకేశాడు. బయట బిల్లుల కౌంటర్ ఆగిపోయింది, లోపల మరో టెంకాయ పగిలింది.

చెంగయ్య భార్య సిద్ధమ్మ వరండాలో కూర్చుని ఇదంతా గమనిస్తూనే ఉంది. మొదటి టెంకాయకు దండం పెట్టుకుంది. రెండో దానికి లేచి నిలబడింది. ఈసారి తలుపు సందులోంచి తొంగిచూస్తే, చొక్కాలేని మొగుడు, ఒళ్లంతా వైర్లు, తలదగ్గర కర్పూరం పొగ. హారతి కంప్యూటర్‌కని ఆమెకెవరు చెప్పాలి?

"అయ్యో నా సామీ! మోకాలి నొప్పని పిల్సుకొస్తే, మందులు లేవని దేవుడికి అప్పజెప్తా ఉండారే!"

ఆ కేకకు వరండా అంతా లేచింది. ఎవరో పరుగున పోయి చెప్పారు. బెల్లం మండీకి వచ్చిన చెంగయ్య ఊరి జనమంతా బెల్లం వదిలేసి వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఆడవాళ్లు శోకాలు అందుకున్నారు.

"ఎవురో పోయినట్టుండారు, పాపం" అన్నాడు లోపల చెంగయ్య. అంతలో ఆ శోకంలో తన పేరు వినిపించింది. "సార్! నాకేమయిందో దాయొద్దండి సార్!"

గోడ గడియారం పన్నెండు కొట్టింది. డాక్టరు గారు రూపేష్‌ను జనాన్ని సముదాయించమని బయటికి తోశారు. రాహుకాలం దాటింది కదా, ఇక ఈ దొంగపని ఎవరి కంటా పడకూడదని తేదీని మళ్లీ శుక్రవారానికి తెచ్చి పెట్టారు. జనం రూపేష్ చొక్కాకు రెండు గుండీలు మిగిల్చి లోపలికి నెట్టారు. ఇంట్లో టెంకాయలు అయిపోయాయి. వాడు ఉత్త చేతులతోనే బటన్ నొక్కాడు.

గీతలు చకచకా కదిలి చెన్నైకి వెళ్లిపోయాయి. రెండు నిమిషాల్లో పెద్ద డాక్టరు ఫోన్ చేశాడు. "లింకు బ్రహ్మాండం. గుండె కూడా బాగుంది. కానీ ఆ పేషెంటును ఎవరైనా తరిమారా?"

రూపేష్ కుర్చీలో కూలబడి ఏడ్చినంత పనిచేశాడు. చెంగయ్య వైర్లు పీక్కుని, మోకాలి నొప్పి మాటే మరిచి, అందరికంటే ముందు గేటు దాటాడు.

"పన్నెండు దాటినాక సూడండి, ఎంత సక్కంగా పోయిందో" అంది ప్రసన్నకుమారి. నిన్నటిలోకి పోయి దాక్కున్నా రాహువు వదల్లేదని డాక్టరు గారికి ఒళ్లు జలదరించింది. రూపేష్ మాత్రం రిపోర్టులో నిజాయితీగా, 'లోపం: రాహుకాలం. పరిష్కారం: పన్నెండు దాకా ఆగుట' అని రాశాడు. మూడు ఊళ్లలో ఒకచోటైనా పనిచేసినందుకు మేనేజరు వాడికి జీతం కూడా పెంచాడు.

ఆ రిపోర్టు చూసినప్పట్నుంచి ఎవరు ఫోన్ చేసినా, హెల్ప్‌లైన్ అమ్మాయి ముందుగా పంచాంగం తెరుస్తోంది.