దించని హారతి

గణపతిరావుకి చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. రామకోవెల పందిట్లో భజన జరుగుతుంది. మంచి మంచి పాటలన్నీ జనం కూర్చునే వింటారు. కొందరు రాటకి చేరబడి వింటారు, కొందరు కళ్ళు మూసుకుని నిద్రో భక్తో తెలియకుండా వింటారు. చివర్న మంగళం ఎత్తుకోగానే మాత్రం అందరూ ఒక్కసారిగా లేచి చప్పట్లు కొడతారు. ఆ నిలబడడం దేవుడి కోసమా, పాట కోసమా, ఇక ఇంటికి వెళ్ళొచ్చన్న సంతోషం కోసమా? ఒకసారి కోవెల పూజారి అయ్యవారినే అడిగాడు. "ముందు లేచి నిలబడు నాయనా, తరవాత ఆలోచించుకుందువు గాని" అన్నారాయన.

గణపతిరావు నెల్లిమర్లలో జూట్ మిల్లు గుమాస్తా. స్నానం చేసి రామనామం చదువుకోనిదే కాఫీ ముట్టడు. పాటంటే ప్రాణం. పాడడం మాత్రం రాదు కాబట్టి అభిప్రాయాలు ఎక్కువ. ఆయన పెళ్ళిలో ఆడవాళ్ళు చుట్టుముట్టి, పెళ్ళికొడుకు పాట పాడితే గాని గది తలుపు తియ్యమన్నారు. "గొంతు పట్టేసిందత్తా, ఈ పాట బాకీ ఉంచండి" అని తప్పించుకున్నాడు. అత్తగారు లక్ష్మీనరసమ్మ ఆ బాకీ మరిచిపోలేదు. పిల్లలు పుట్టి బడికెళ్తున్నా, పండక్కి భోజనానికి కూర్చున్నప్పుడల్లా, "పాట బాకీ ఉన్నాది బాబూ" అంటూ నెయ్యి వడ్డించేది.

ఆ ఏడాది గణపతిరావుకి కొత్త పిచ్చి పట్టింది. వాల్తేరులో రైల్వే కుర్రాళ్ళు కరెంటు గిటార్లతో రాక్ సంగీతమని వాయిస్తున్నారని విని, వరసగా కచేరీలకి వెళ్ళొచ్చాడు. వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళకి కూడా వివరించేవాడు. మొదటిదాంట్లో గిటారు బాగుందట గాని, డ్రమ్ములవాడు రైలుకి టైమైపోయినట్టు తొందరపడ్డాడట. రెండోదాంట్లో పాటగాడి ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదట. "అర్థం కాకపోతే ఏటి? మన మంత్రాలు మాత్రం ఎంతమందికి అర్థమవుతున్నాయి?" అనేవాడు. మూడోదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆయన కళ్ళు మెరుస్తాయి. అక్కడ మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక్కడూ కూర్చోలేదు.

"కుర్సీలు నేవేటో" అంది భార్య నీలవేణి.

"కుర్చీలున్నాయే! పాట బాగుండి లేచారు."

చివరికి కోవెల కమిటీ కుర్రాళ్ళని పట్టుకుని, శ్రీరామనవమి సాయంత్రం ఆ మూడో కచేరీ కుర్రాళ్ళనే రప్పించే ఏర్పాటు చేశాడు. ఆ సాయంత్రం ఏటా భజన సమాజానిది. సమాజం పెద్ద కూర్మయ్య. ఆయన గణపతిరావుకి స్వయానా మామగారు.

నవమి పొద్దున గణపతిరావు తలంటుకుని, మామిడాకులు కట్టి, కల్యాణం చూసి, మధ్యాహ్నం మూడు గంటల బస్సుకి కుర్రాళ్ళని దింపుకుందామని బయలుదేరుతుంటే కూర్మయ్య ఎదురొచ్చాడు.

"అల్లుడూ, ఒక మాట సెప్తాను. ఈ గోలకి జనం సగంలో లెగిసి ఎల్లిపోతారు."

"ఎవరూ వెళ్ళరు మావా."

"మంగళం దాకా ఒక్కడు కదిలినా, మరింక ఈ జన్మలో నువ్వు పాట గురించి నోరెత్తకూడదు. సరేనా?"

గణపతిరావు అన్నం మానమంటే మానగలడు గాని పాట మాట మానలేడు. అయినా, "సరే" అనేశాడు.

సాయంత్రం పందిరి నిండింది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. వేదిక మీద గిటార్లు తగిలించుకుని వాల్తేరు కుర్రాడు పీటరు, అతని జట్టు. పందిరికి ఎదురుగా కోవెల తలుపు తీసే ఉంది. లోపల అయ్యవారు హారతిపళ్ళెం సిద్ధంగా పెట్టుకుని, పగటి కల్యాణం అలసటకి స్తంభానికి ఆనుకున్నారు.

పాట మొదలైంది. జనం బాసింపట్లు వేసుకుని, పురాణం వింటున్నంత మర్యాదగా చూస్తున్నారు. తల కూడా ఊపడం లేదు. పీటరు ముఖం చిన్నబోయింది. ఇలా అయితే రెండో పాటకే లేచిపోతారని గణపతిరావుకి భయం వేసింది. ఈ సంగీతం ఎలా వినాలో ఒకరు చూపించాలి కదా! ముందు వరసలోంచి లేచి నిలబడి, చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాడు.

ఆ ఊళ్ళో ముందు వరసలో పెద్దమనిషి లేచి చప్పట్లు కొడితే దానికి ఒకటే అర్థం, మంగళం వచ్చేసిందని. వెనక వరస లేచింది. దాని వెనక వరస లేచింది. ఆడవాళ్ళు చెంగులు సర్దుకుంటూ లేచారు. కోవెల గుమ్మంలో గంట తాడు పట్టుకుని కునుకుతున్న నూకయ్య ఉలిక్కిపడి గంట కొట్టాడు. "అప్పుడే అయిపోయిందా!" అనుకుంటూ అయ్యవారు కర్పూరం వెలిగించారు.

వేదిక మీద పీటరు ఇదంతా చూసి పొంగిపోయాడు. వాల్తేరులో జనం లేచారు గాని గంటలు కొట్టలేదు, దీపాలు వెలిగించలేదు. జనం నిలబడి ఉన్నంతసేపూ వాయిద్యం ఆపకూడదని వాళ్ళ నియమం. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి, ఇంకా హుషారుగా వెళ్ళిపోయారు.

అయ్యవారికీ ఒక నియమం ఉంది. మంగళం పాడనిదే హారతి దించకూడదు. చెవి ఒగ్గి విన్నారు. తెలిసిన మంగళమేదీ వినబడలేదు. ఇంగ్లీషు మంగళం కాస్త పొడుగనుకుని, కర్పూరం ఇంకో బిళ్ళ వేశారు.

కర్పూరం డబ్బా ఖాళీ అయింది. ఆడవాళ్ళు తమ పూజ బుట్టల్లోని కర్పూరం చేతులు మార్చి అందించారు. అయ్యవారి చెయ్యి వణికితే కమిటీ వాళ్ళిద్దరు మోచెయ్యి పట్టుకున్నారు. నూకయ్య గంట తాడుని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చాడు. హారతి వెలుగుతుండగా కూర్చోకూడదు, కదలకూడదు. పానకం బిందె కేసి చూస్తూ ఊరంతా నిలబడే ఉంది. ఒక్కడూ ఇంటికి వెళ్ళలేదు. పందెం గణపతిరావు వైపే ఉంది గాని, అలా గెలుస్తున్నందుకు ఆయనకి చెమటలు పోస్తున్నాయి.

మోకాళ్ళ నొప్పుల కూర్మయ్య అల్లుడి భుజం పట్టుకున్నాడు. "ఏటిది? ఎప్పుడాపుతారు?"

"చేతులూపి ఆపమంటే హుషారనుకుంటున్నారు. మీరంతా కూచుంటే ఆపుతారు మావా."

"హారతి ఎలగతంటే ఎవుడు కూకుంటాడు?"

"అయితే అయ్యవారిని దించమనండి."

"మంగళం పాడకుండా ఎలాగ దించుతారు?"

"పోనీ, మీరే పాడెయ్యండి."

"నానెందుకు పాడాల? నన్నొద్దన్నారు గదా. మా తాళాలు సంచీలో ఎట్టీసినాం" అని కూర్మయ్య మోకాలు రుద్దుకుంటూ ముఖం తిప్పేసుకున్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి లక్ష్మీనరసమ్మ గొంతు గంట మోతని మించి వినిపించింది. "మా అల్లుడు పాట బాకీ ఉన్నాడు గదా! ఆయన్ని పాడమనండి!"

"పాడు బాబూ! కాళ్ళు పడిపోతన్నాయి!" అంది ఊరు.

గణపతిరావు వేదిక ఎక్కాడు. మైకు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, రాముణ్ణి తలుచుకుని మంగళం ఎత్తుకున్నాడు. మొదటి ముక్కకి పీటరు గిటారు ఆ శ్రుతి వెతుక్కుంటూ పైకి వెళ్ళింది. రెండో ముక్కకి కిందికి వచ్చింది. తరవాత ఎటు వెళ్ళాలో తెలియక నిలిచిపోయింది. డ్రమ్ములవాడు కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. వాల్తేరు నుంచి వచ్చి ఎవరూ ఆపలేకపోయిన సంగీతం అలా ఆగింది. అయ్యవారు హారతి దించారు. "అమ్మయ్య" అని ఊరంతా ఒకేసారి కూలబడింది.

ఇక ప్రసాదం పుచ్చుకుని వెళ్ళిపోవాలి. కాని కూలబడ్డవాళ్ళు లేచే స్థితిలో లేరు. పానకం అక్కడికే తెచ్చి పోశారు. "ఆ గిటారోళ్ళని ఇప్పుడు వాయించమను. కూకోని ఇంటాం" అన్నాడు కూర్మయ్య. పీటరు వాయించాడు. ఈసారి తలలు ఊగాయి. కాసేపటికి కూర్మయ్య సంచీలోంచి తాళాలు తీశాడు. పాట బాగుంటే జనం హాయిగా కూర్చుంటారని, లేవడం వేరే సంగతని గణపతిరావుకి తట్టింది. అంతకంటే తేల్చుకునే ఓపిక లేకపోయింది.

"పందెం నువ్వే గెలిసినావు. పాట గురించి ఎంతైనా మాటాడుకో" అన్నాడు కూర్మయ్య. "గాని నీ మంగళం మట్టుకు, రైలుకి టైమైపోయినట్టు తొందరపడ్డావు."

చుట్టూ ఉన్న తలలు అవునన్నట్టు ఊగాయి. గణపతిరావు నోరు తెరిచి, ఆ పాట తర్వాత ఏ ముఖంతో మాట్లాడాలో తెలియక మూసుకున్నాడు.

లక్ష్మీనరసమ్మ గ్లాసు నిండా పానకం పోసి అల్లుడి చేతికిచ్చింది.

"బాకీ తీరిపోయింది బాబూ. వడ్డీ మాత్రం ఒద్దు."